డయాలసిస్ మంచం దాకా రాకముందే

ప్రైవేటు ఆసుపత్రులుండే విజయవాడ సూర్యారావుపేటకో, గుంటూరు కొత్తపేటకో, ఈ రెండు నగరాల ప్రభుత్వాసుపత్రులకో తిరువూరు, నందిగామ, మాచర్ల, వినుకొండ వైపు నుంచి కిడ్నీ రోగులు వస్తుంటారు. వారిలో ఎందరికో జబ్బు పేరు తెలిసిన రోజే డయాలసిస్ అనే మాట కూడా చెవిన పడుతుంది. అప్పటిదాకా కాళ్ల వాపు, ఆకలి మందగించడం, నాలుగడుగులు వేస్తే ఆయాసం. రక్తం తక్కువైందని బలం మందులు వాడి ఉంటారు. ఈ పరిస్థితి ఇక్కడికే పరిమితం కాదు. భారత కిడ్నీ వ్యాధుల రిజిస్ట్రీ 2012లో 52 వేల మందికి పైగా రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో దాదాపు 48 శాతం మంది నిపుణుడి దగ్గరికి వచ్చేసరికే చివరిదైన అయిదో దశలో ఉన్నారు. కారణం తేలని కిడ్నీ జబ్బుతో వచ్చినవారు మిగతావారికంటే వయసులో చిన్నవారు, ఆదాయంలో పేదవారు, జబ్బులో ముదిరిపోయినవారు.

జబ్బుకు అయిదు దశలుంటే, సగం మంది విషయంలో మొదటి నాలుగూ ఎవరి కంటా పడకుండానే గడిచిపోయాయి. వర్ధమాన దేశాల్లో కిడ్నీ జబ్బుల పరిశోధనకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. రోగి ఆసుపత్రి మెట్లెక్కితేనే లెక్కలోకి వస్తాడు. లెక్క చివరి దశ నుంచి మొదలైతే నిధులూ చివరి దశకే చేరతాయి. ముందున్న పది పదిహేనేళ్ల కాలం, అంటే నిజంగా ఏదైనా చేయగలిగిన కాలం, పరిశోధకుడికీ ప్రభుత్వానికీ కనబడకుండా పోతుంది.

2017లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 70 కోట్ల మందికి ఏదో ఒక దశలో దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందనీ, దానితో 12 లక్షల మంది చనిపోయారనీ ప్రపంచ వ్యాధిభార అధ్యయనం అంచనా వేసింది. రోగుల్లో మూడో వంతు మంది చైనా, భారతదేశాల్లోనే ఉన్నారు. మన వాటా పదకొండున్నర కోట్లు. 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన మరో లెక్క ఇంకా కలచివేస్తుంది. 2010లో 26 లక్షల మంది డయాలసిస్‌తోనో, మార్పిడి చేసిన కిడ్నీతోనో బతుకుతుండగా, కనీసం 23 లక్షల మంది ఆ చికిత్స అందక అకాలంగా కన్నుమూసి ఉంటారన్నది దాని సారాంశం. వీరిలో అత్యధికులు ఆసియా, ఆఫ్రికా వాసులు. మన దేశంలో ఇంటింటికీ వెళ్లి మరణ కారణాలు ఆరా తీసిన మిలియన్ డెత్ స్టడీ ప్రకారం, 15 నుంచి 69 ఏళ్ల వారి మరణాల్లో కిడ్నీ వైఫల్యం వాటా 2001-03లో 2.1 శాతం ఉండగా 2010-13 నాటికి 2.9 శాతానికి పెరిగింది. ఆసుపత్రి రికార్డుల మీద మాత్రమే ఆధారపడి ఉంటే ఈ సంగతి తేలేది కాదు. గడప దగ్గరికి వెళ్లి అడిగారు కాబట్టే తేలింది.

కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. రెండు కిడ్నీల పనిలో సగం పోయినా మిగిలిన సగంతో శరీరం నెట్టుకొస్తుంది. అందుకే పరీక్ష తప్ప వేరే దారి లేదు. ఆ పరీక్షలోనూ ఒక మెలిక ఉంది. రక్తంలోంచి కిడ్నీలు వడపోసి బయటికి పంపే వ్యర్థం క్రియాటినిన్. ల్యాబు కాగితం మీద అది 1.2 అని ఉంటే చాలాచోట్ల అది మామూలు అంకెగానే చెల్లిపోతుంది. ఆ 1.2 పాతికేళ్ల యువకుడిదైతే, 2021 నుంచి వాడుకలో ఉన్న అంతర్జాతీయ సూత్రం ప్రకారం కిడ్నీల వడపోత నిమిషానికి 86 మిల్లీలీటర్ల దాకా ఉన్నట్టు, భయపడాల్సింది లేదు. అదే 1.2 అరవయ్యేళ్ల స్త్రీదైతే వడపోత 52 మాత్రమే. అది 60కి దిగువన మూడు నెలలకు మించి ఉందంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు మూడో దశకు చేరినట్టే. కాగితం మీద అంకె ఒకటే. ఒకరికి ఊరట, మరొకరికి హెచ్చరిక. క్రియాటినిన్ పక్కన వయసు, లింగం బట్టి లెక్కకట్టిన వడపోత అంకె కూడా అచ్చువేయడానికి ల్యాబుకు అదనంగా ఒక్క రూపాయి ఖర్చుకాదు. అది తప్పనిసరి చేయకపోవడానికి కారణమేదీ కనబడదు.

క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. బక్కపలచటి వ్యవసాయ కూలీ ఒంట్లో అది తక్కువగానే తయారవుతుంది కాబట్టి, కిడ్నీలు దెబ్బతిన్నా అంకె వెంటనే పెరగదు. ఈ సూత్రాలు ప్రధానంగా అమెరికా, ఐరోపా జనాల వివరాల మీద కట్టినవి. చండీగఢ్ పీజీఐ వైద్య సంస్థ పరిశోధకులు భారతీయుల్లో వడపోతను నేరుగా కొలిచి పోల్చిచూసినప్పుడు, సూత్రాలు అసలు కంటే ఎక్కువే చూపిస్తున్నాయని తేలింది. అంటే మన దగ్గర జబ్బు ఉన్నా లేదనిపించే అవకాశం ఎక్కువ.

సర్వేల్లో పొరపాటు దీనికి ఎదురు దిక్కున జరుగుతుంది. పలు నగరాల్లో 5,588 మందిని పరీక్షించి 2013లో ఫలితాలు వెల్లడించిన సీక్ అధ్యయనం 17.2 శాతం మందిలో జబ్బు ఆనవాళ్లు చూసింది. నగరాల మధ్య తేడా అంతా ఇంతా కాదు. బెంగళూరు, మైసూరుల్లో చాలా తక్కువ, విశాఖపట్నంలో అన్నింటికన్నా ఎక్కువ. కానీ ఆ పరీక్ష ఒక్కసారే జరిగింది. జ్వరం వచ్చిన రోజునో, ఎండలో పనిచేసి నీళ్లు తాగని రోజునో పరీక్షిస్తే ఆరోగ్యవంతుడి అంకెలు కూడా తప్పుతాయి. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తేనే అది దీర్ఘకాలిక జబ్బో కాదో చెప్పగలం. రెండోసారి అదే గడప తొక్కడానికి డబ్బూ మనుషులూ కావాలి కాబట్టి చాలా సర్వేలు అక్కడే ఆగిపోతాయి. ఒక జిల్లాలో జబ్బు భయంకరంగా ఉందనో, అసలు లేదనో వచ్చే వార్తల్లో చాలావరకు ఈ రెండో పరీక్ష లేని అంకెలే.

షుగరు, బీపీ వల్ల వచ్చే కిడ్నీ జబ్బుకు కారణం తెలుసు. అవి రెండూ లేకుండానే వచ్చేదే పరిశోధకులను కలవరపెడుతోంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య పల్లెల్లో వయోజనుల్లో దాదాపు ఐదో వంతు మందికి కిడ్నీ జబ్బు ఉందని రెండు వేర్వేరు బృందాల సర్వేలు 2019, 2020ల్లో తేల్చాయి. మొదటి బృందానికి నాయకత్వం వహించిన నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) డాక్టర్ టి.రవిరాజు గతంలో విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఉద్దానం దూరమనుకుంటే ఎన్టీఆర్ జిల్లాలోనే తిరువూరు దగ్గర ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి గిరిజన తండాల్లో కిడ్నీ జబ్బు, మరణాలు ఏళ్ల తరబడి వార్తల్లో నలుగుతున్నాయి. బోరు నీటి మీద అనుమానంతో కృష్ణా నీటిని పైపుల ద్వారా అందించే పథకం చేపట్టారు. మంచినీరు ఇవ్వడానికి జబ్బుకు కారణం రుజువయ్యేదాకా ఆగనక్కరలేదు. ఫ్లోరైడ్ నీరు ఎముకలను ఏంచేస్తుందో 1937లోనే పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల పరిశీలనతో ప్రపంచానికి తెలిసింది. అంత పాత గాయం ఉన్న నేల మీద మంచినీరు ఎంత తొందరగా అందితే అంత మంచిది. కానీ పైపు వేసినంత మాత్రాన జబ్బు చిక్కుముడి విడిపోయిందని అనుకుంటే పొరపాటు.

ఇలాంటి చిక్కుముడి ఒకటి విడిపోవడానికి ఎంతకాలం పట్టిందో బాల్కన్ దేశాల కథ చెబుతుంది. 1950లలో బల్గేరియా, యుగోస్లావియాల్లో డాన్యూబ్ ఉపనదుల వెంట ఉన్న పల్లెల్లో రైతులు కారణం తెలియకుండా కిడ్నీలు చెడి చనిపోతున్నారని వైద్యులు గుర్తించారు. ఒక ఊళ్లో ఉంటే పక్క ఊళ్లో ఉండదు. ఒకే ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి వస్తుంది. బరువు లోహాలన్నారు, వైరస్ అన్నారు, ధాన్యానికి పట్టే బూజు విషమన్నారు, నీళ్లన్నారు. దశాబ్దాలు గడిచాయి. 1993లో బెల్జియం నుంచి ఒక వార్త వచ్చింది. బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి మూలికా మాత్రలు మింగిన స్త్రీల కిడ్నీలు వేగంగా దెబ్బతిన్నాయి. మాత్రల్లో ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా జాతి మొక్క కలిసిందని తేలింది. వారి కిడ్నీల్లో కనబడిన దెబ్బకూ బాల్కన్ రైతుల కిడ్నీల్లో కనబడిన దెబ్బకూ పోలిక ఉంది. గోధుమ చేలలో కలుపుగా పెరిగే అదే జాతి మొక్క గింజలు పిండిలో కలుస్తున్నాయన్న పాత అనుమానం మళ్లీ తెరమీదికి వచ్చింది. 2007లో రోగుల కిడ్నీ కణజాలంలో, డీఎన్ఏకు అతుక్కున్న ఆ విషపు ఆనవాళ్లు దొరికాయి. తొలి వార్తలకూ రుజువుకూ మధ్య యాభై ఏళ్లు. రోగుల కణజాలం పరీక్షకు అందుబాటులో ఉండబట్టే ఆ రుజువు సాధ్యమైంది. మన నాటువైద్యంలో పాముకాటుకు వాడే ఈశ్వరి వేరు కూడా ఈ జాతిదేనన్నది ఇక్కడ గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఉద్దానానికో ఎ.కొండూరుకో అదే కారణమని దీని అర్థం కాదు. కిడ్నీ రోగిని మందుల చరిత్ర అడిగేటప్పుడు వేర్లు, పసర్లు, లేహ్యాల సంగతి కూడా తిట్టకుండా, భయపెట్టకుండా అడిగి రాసుకోవాలి. ఒళ్లు నొప్పులకు ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చే నొప్పి బిళ్లల సంగతీ అంతే. రోజంతా వంగి పనిచేసే కూలీకి రాత్రి నిద్రపట్టాలంటే అవే దిక్కు. నీళ్లు తక్కువైన ఒంటికి ఆ బిళ్లలు కిడ్నీల పాలిట శత్రువులన్నది దశాబ్దాలుగా తెలిసిన వైద్య సత్యం.

బాల్కన్ అనుభవం ఓపిక నేర్పితే శ్రీలంక అనుభవం తొందరపాటు గురించి హెచ్చరిస్తుంది. అక్కడి ఉత్తర మధ్య రాష్ట్రంలో వరి రైతులకు 1990ల నుంచి కారణం తేలని కిడ్నీ జబ్బు వస్తోంది. గ్లైఫోసేట్ కలుపు మందే కారణమన్న వాదన బలపడి 2015లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కారణం శాస్త్రీయంగా రుజువు కాలేదు. 2018లో తేయాకు, రబ్బరు తోటలకు నిషేధం సడలించారు. కలుపు మందులు మంచివని ఎవరూ చెప్పడం లేదు. అయితే ఒక దోషి దొరికాడనుకున్న క్షణం నుంచి మిగతా దిక్కులు వెతకడం మందగిస్తుంది. ఆ నష్టం మాటేమిటన్నదే ప్రశ్న.

మధ్య అమెరికాలో, ముఖ్యంగా నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల్లో పరిశోధన మరో దారి పట్టింది. అక్కడ జబ్బు పడుతున్నది ఎక్కువగా వయసులో ఉన్న మగ కూలీలు. కోతల సీజన్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి వారి క్రియాటినిన్ చూశారు. మండే ఎండలో బరువైన పని చేసినవారిలో సీజన్ చివరికి అంకె పెరిగింది. తర్వాత ఒక పెద్ద చక్కెర కర్మాగారంలో నీళ్లు, నీడ, నిర్ణీత విరామాలు కల్పించి మళ్లీ కొలిచారు. విరామం పెరిగిన చోట కిడ్నీలకు దెబ్బ తగ్గింది. ఎండ ఒక్కటే మూలమా, మరేదైనా దానికి తోడవుతోందా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. కానీ ఆ చర్చ తేలేదాకా ఆగకుండానే కూలీల కిడ్నీలను కొంతవరకు కాపాడవచ్చని ఆ ప్రయత్నం చూపించింది.

గుంటూరు చుట్టుపక్కల వారికి ఈ మాట తేలిగ్గా అర్థమవుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలు మనవి. రాష్ట్రంలో ఏటా ఎక్కువ ఉష్ణోగ్రత ఎక్కడ అంటే పల్నాడులోని రెంటచింతల పేరు ముందుగా వినబడుతుంది. మిరప కోతలు ఎండలు ముదిరే కాలందాకా సాగుతాయి. కర్నూలు వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలు వలస వస్తాయి. చేలో నీడ ఉండదు. బయటికి వెళ్లడానికి చోటు లేక, ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగడమే తగ్గించుకుంటారు. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా కూలీలది మరో రకం శ్రమ. ఎండకు తోడు ఘాటు, దుమ్ము. చెరకు కోతకూ మిరప కోతకూ శ్రమలో తేడా ఉంది. ఈ పోలిక జబ్బుకు రుజువు కాదు. పరీక్షించి చూడటానికి మాత్రం చాలినంత కారణం.

చికిత్స విషయానికి వస్తే గత కొన్నేళ్లలో వచ్చిన మార్పు చిన్నది కాదు. రక్తపోటు మందుల్లో ఒక తరగతి షుగరు రోగుల కిడ్నీలను కాపాడుతుందని 2001 నాటికే లోసార్టాన్, ఇర్బెసార్టాన్ ప్రయోగాలు చూపించాయి. అవి ఇప్పుడు చవకైన మందులు. ఆ తర్వాత చాలాకాలం కొత్తదేమీ రాలేదు. 2020లో 4,304 మందితో జరిగిన డాపా-సీకేడీ ప్రయోగంలో, షుగరు మందుగా వచ్చిన డాపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో, షుగరు ఉన్నా లేకున్నా, జబ్బు ముదరడం, కిడ్నీ వైఫల్యం, కిడ్నీ లేదా గుండె జబ్బుతో మరణం కలిపి చూస్తే 39 శాతం తగ్గాయి. అదే ఏడాది అక్టోబరులో మన దేశంలో ఆ మందు పేటెంటు ముగిసి, దేశీయ కంపెనీల మాత్రలు వచ్చి ధర పడిపోయింది. 2025 మార్చిలో అదే కోవకు చెందిన ఎంపాగ్లిఫ్లోజిన్‌కూ అదే జరిగింది. వర్ధమాన దేశం కొత్త మందు కోసం ఇరవై ఏళ్లు ఎదురుచూడటమే రివాజు. ఈసారి అది తప్పింది. ఇప్పుడు కొరత మందుది కాదు, మందు ఎవరికి ఇవ్వాలో చెప్పే పరీక్షది.

డాపా-సీకేడీ ప్రయోగంలోకి తీసుకున్నది మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా పోతున్నవారిని మాత్రమే. కారణం తేలని జబ్బులో అల్బుమిన్ పెద్దగా పోదు. కాబట్టి ఎ.కొండూరు తండాల రోగులను పోలినవారు ఆ అధ్యయనంలో దాదాపు లేనట్టే. తక్కువ అల్బుమిన్ ఉన్నవారిని కూడా చేర్చుకున్న ఎంపాగ్లిఫ్లోజిన్ ప్రయోగం ఎంపా-కిడ్నీ భారతదేశంలో జరగలేదు. పేద కూలీల జబ్బు మందుల పరిశోధనలోనూ అంచునే నిలబడిపోయింది.

ఇదే చిక్కు పల్లెల్లో చేసే పరీక్షలకూ వర్తిస్తుంది. చెన్నైకి చెందిన నెఫ్రాలజిస్టు డాక్టర్ ఎం.కె.మణి స్థాపించిన కిడ్నీ హెల్ప్ ట్రస్టు, తమిళనాడులో 25 వేల జనాభా ఉన్న పల్లెల్లో ఒక ఆదర్శప్రాయమైన పని చేసింది. బడిచదువు చదివిన స్థానిక యువతులు ఇంటింటికీ తిరిగి బీపీ చూశారు. మూత్రంలో ప్రోటీన్, చక్కెర ఉన్నాయేమో ఒకటి రెండు చవక రసాయనాలతో అక్కడికక్కడే పరీక్షించారు. తేడా ఉన్నవారికి అత్యంత చవకైన మందులిచ్చి అదుపులో పెట్టారు. తలసరి ఖర్చు ఏడాదికి ఒక డాలరులో సగం కూడా కాలేదు. షుగరు, బీపీ కిడ్నీ జబ్బుల విషయంలో ఇంతకు మించిన దారి ఇప్పటికీ లేదు. ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలు, విలేజ్ క్లినిక్‌లు ఉన్న మన రాష్ట్రంలో అది రేపే మొదలుపెట్టగల పని. కాని తండాల్లో మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే జబ్బు చేతికి చిక్కదు. అక్కడ రక్తం తీసి క్రియాటినిన్ చూడాల్సిందే. ఒకే పరీక్షా విధానాన్ని జిల్లా అంతటికీ రుద్దితే, ఎవరికి ఎక్కువ అవసరమో వారే తప్పిపోతారు.

డబ్బు సంగతి. డయాలసిస్ రోగికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10 వేల రూపాయల పింఛను ఇస్తోంది. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద డయాలసిస్ ఉచితం. ఈ సాయం న్యాయమైనది. వారానికి రెండు మూడు రోజులు మంచానికి, ప్రయాణానికి పోయే కుటుంబానికి ఇది కూడా చాలదు. ఒకసారి డయాలసిస్‌కు నాలుగు గంటలు, శుద్ధి చేసిన నీరు దాదాపు 120 లీటర్లు, ఆగని కరెంటు కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగినప్పటిలాంటి రోజుల్లోనూ దాన్ని వాయిదా వేయడం కుదరదు. అయితే ఒక రోగి ఏడాది పింఛను 1,20,000 రూపాయలతో, పరీక్షకు వంద నుంచి రెండు వందలు వేసుకున్నా, 600 నుంచి 1,200 మందికి క్రియాటినిన్ చూడవచ్చు. పింఛనులో కోతపెట్టి అటు ఇవ్వమని ఏ బాధ్యతగల మనిషీ అడగడు. కిడ్నీలు పూర్తిగా పోయాకే ప్రభుత్వం చేయి అందుతున్న తీరు మారాలి. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీ ఆరోగ్యంపై తీర్మానం చేసింది. ముందుగా గుర్తించడం, నివారించడం సభ్యదేశాల బాధ్యతగా అది చెబుతోంది. తీర్మానం జెనీవాలో జరిగినా అమలు కావలసింది పీహెచ్‌సీల్లోనే.

పరిశోధనకు వనరులు కూడా ఇక్కడే ఉన్నాయి. రాష్ట్రంలోని వైద్య కళాశాలలకు కేంద్రమైన ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986 నుంచి విజయవాడలో ఉంది. నగరంలో సిద్ధార్థ వైద్య కళాశాల, గుంటూరులో 1946 నాటి వైద్య కళాశాల, మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. పీజీ విద్యార్థి ప్రతి ఒక్కరూ థీసిస్ రాయాలి. చదువు పూర్తయ్యాక అందులో చాలావరకు అల్మారాల్లోనే ఉండిపోతుంది. కొన్నేళ్లపాటు ఒక్క ప్రశ్న మీద, ఒకే నమూనా పత్రంతో, ఒకే రకం యంత్రం మీద చేసిన క్రియాటినిన్ పరీక్షలతో ఆ థీసిస్‌లు సాగితే చిన్నవన్నీ కలిసి పెద్ద అధ్యయనం అవుతుంది.

ఆ ప్రశ్న మిరప కోతలతోనే మొదలుకావచ్చు. పల్నాడులో కొన్ని గ్రామాలు, ఎ.కొండూరులో కొన్ని తండాలు, పోలిక కోసం డెల్టాలో తెనాలి వైపు కొన్ని ఊళ్లు ఎంచుకోవాలి. జనవరిలో కోతల ముందు, ఏప్రిల్ చివర కోతలయ్యాక, ఆ తర్వాత మూడు నెలలకు ఆగస్టు ప్రాంతంలో మరోసారి అదే మనుషుల రక్తం, మూత్రం చూడాలి. ఆ రోజు పని అలసట అంకెల్లో కలవకుండా, పొద్దున పనికి వెళ్లకముందే నమూనాలు తీసుకోవాలి. తాగిన నీరు ఏ బోరుదో, ఏ బిళ్లలు మింగారో, ఎన్ని గంటలు ఎండలో ఉన్నారో రాసుకోవాలి. కొంత రక్తం, కొంత మూత్రం అతిశీతల పెట్టెల్లో దాచాలి. ఈ రోజు తోచని కారణాన్ని పదేళ్ల తర్వాత వెతకడానికి అవి పనికొస్తాయి. ఫలితం ఎలా ఉన్నా అది మొదట పరీక్ష చేయించుకున్న మనిషికి తెలుగులో, అర్థమయ్యేలా అందాలి. తేడా ఉన్నవారికి మందు అక్కడే మొదలు కావాలి. కోతలు అవగానే కర్నూలు వైపు కుటుంబాలు సొంత ఊళ్లకు వెళ్లిపోతాయి కాబట్టి, మూడో పరీక్ష వారి ఊళ్లలోనే జరిగేలా ఆ జిల్లాల వైద్య సిబ్బందితో జనవరిలోనే మాట్లాడిపెట్టుకోవాలి.